విశాఖ ఉప్పుగాలిలో హెరాల్డ్, స్పిట్‌ఫైర్ సస్పెన్షన్: ఆయిల్ ఎక్కడ, గ్రీజు ఎక్కడ

పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ ముందు సస్పెన్షన్‌లో పిడికిట్లో పట్టేంత కంచు ముక్క ఒకటి ఉంటుంది. దాని పేరు ట్రనియన్. చక్రాన్ని మోసే నిలువు ఉక్కు లింకుకు అడుగున మర కోసి ఉంటుంది. ఆ మర ఈ ట్రనియన్‌లోకి దిగుతుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఉక్కు మర కంచు మరలో కొంచెం అటూ ఇటూ తిరుగుతుంది. స్ప్రింగు ఆనేది కింది విష్‌బోన్ (చక్రాన్ని చాసిస్‌కు కలిపే V ఆకారపు చెయ్యి) మీద కాబట్టి ముందు భాగం బరువూ, గుంటల దెబ్బలూ పడేది ఈ కీలు మీదే. దీనికి ఆయిల్ కావాలి. గ్రీజు పనికిరాదు. మిగతా పనుల్లో ఆలస్యం చేసినా కారు మూలుగుతూ నడుస్తుంది. ఇక్కడ అశ్రద్ధ చేస్తే ఏదో ఒక మలుపులో లింకు మర దగ్గర విరిగి చక్రం కిందికి మడతపడుతుంది.

స్పిట్‌ఫైర్ 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లో తయారైంది. దాన్ని కళ్లారా చూసినవాళ్లు మన వైపు తక్కువే. కానీ దానికి అక్కలాంటి స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో తయారైంది, ఇప్పటికీ కొన్ని షెడ్లలో టార్పాలిన్ కింద ఉంది. రెండింటి ముందు సస్పెన్షన్ డిజైనూ ఒకటే. ట్రయంఫ్ వారి విటెస్, జీటీ6 కూడా ఇదే కుటుంబం. లోటస్ ఎలాన్ సైతం ఈ నిలువు లింకునే అరువు తెచ్చుకుంది. అందుకని కింద చెప్పేది హెరాల్డ్ ఉన్నవారికీ వర్తిస్తుంది.

ఎంజీబీ గానీ అంబాసిడర్ గానీ ఉన్నవారు ఇక్కడి ఆయిల్ మాట పట్టుకోవద్దు. వాటికి కింగ్‌పిన్లు ఉంటాయి, అవి అడిగేది గ్రీజే. ఎంజీబీకి ముందు ఒక్కో వైపు మూడేసి నిపిళ్లు (గన్ మూతి తగిలించే చిన్న ముక్కులు). చక్రం గాల్లో ఉంచి, పాత గ్రీజు అంచుల్లోంచి బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. వాటి సంగతి అంతే.

ఎప్పుడు చేయాలి

కంపెనీ హ్యాండ్‌బుక్ ట్రనియన్‌కు 6,000 మైళ్లకొకసారి, అంటే దాదాపు 9,600 కిలోమీటర్లకొకసారి ఆయిల్ పట్టించమంటుంది. రోజూ ఆఫీసుకు తిరిగే కారుకు ఆ లెక్క సరిపోయింది. ఇప్పుడు మన కార్లు ఆదివారం పొద్దున రుషికొండ దాకానో, మహా అయితే భీమిలి దాకానో వెళ్లొచ్చి మళ్లీ షెడ్డెక్కుతాయి. మైళ్ల లెక్కన చూస్తే ఆయిల్ వంతు వచ్చేసరికి పదేళ్లు గడిచిపోవచ్చు. ఈలోగా ఆయిల్ కారిపోతుంది, ఉప్పు తేమ మరలోకి దిగుతుంది. నిలబెట్టిన కారుకు తుప్పు పట్టదనుకోవడం సముద్రం లేని ఊరివాళ్ల లెక్క.

కాబట్టి కిలోమీటర్లు వదిలేసి పంచాంగం చూసుకోండి. సంక్రాంతికి ఒకసారి, ఉగాది దాటి వానలు పడకముందు ఒకసారి, దసరాకు ఒకసారి. ఆయుధ పూజకు ఎలాగూ బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆ ముందురోజే ట్రనియన్‌కు ఆయిల్ కొట్టేస్తే పూజ పూర్తి అయినట్టు. అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదికి వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. అలాంటి గాలివాన తర్వాత కారు షెడ్డులోంచి కదలకపోయినా ఇంకో విడత పట్టించండి. పాతపట్నంలో, పోర్టు చుట్టుపక్కల ఉండేవారికి ఉప్పుకు తోడు నల్ల దుమ్ము కూడా ఉంటుంది. అది ఆయిల్ జిడ్డులో కలిస్తే సానరాయి పనే చేస్తుంది.

ఏమేం కావాలి

ఈపీ 90 గేర్ ఆయిల్ ఒక లీటరు. మెకానిక్కులు నైంటీ ఆయిల్ అంటారు, ఎక్కడైనా దొరుకుతుంది. డబ్బా మీద జీఎల్-4 అని ఉన్నది తీసుకోండి. జీఎల్-5 లో ఉండే కొన్ని రసాయనాలు కంచు, ఇత్తడి లాంటి పచ్చలోహాలకు అంత మంచివి కావు. ఒక మామూలు లిథియం గ్రీజు డబ్బా, చక్రాల బేరింగులకు వేడిని తట్టుకునే గ్రీజు, బోల్టులకు పూయడానికి కాపర్ గ్రీజు, రబ్బరు దగ్గరకు సిలికాన్ గ్రీజు. ఇంచి కొలత పానాలు. ఈ కార్లలో మిల్లీమీటరు పానా దాదాపు పట్టినట్టే పట్టి నట్టు మూలలు గుండ్రం చేస్తుంది.

గ్రీజు గన్లు మాత్రం రెండు ఉండాలి. ఒకటి గ్రీజుకు, ఇంకొకటి కేవలం ఆయిల్‌కు. ఆయిల్ గన్‌కు ఎర్ర పెయింటు పూసి దాచుకోండి, లేకపోతే ఎవరో ఒకరు సాయం చేద్దామని అందులో గ్రీజు నింపేస్తారు. గన్‌లో ఆయిల్ పోస్తే వెనక వాషరు పక్కనుంచి చుక్కలు కారుతూనే ఉంటుంది. అది దాని స్వభావం. పని అయ్యాక పాత ట్రేలో పడేయండి.

ఒక జాకీ, రెండు గట్టి స్టాండులు. ఇటుకల మీద, జాకీ ఒక్కదాని మీద నిలబెట్టి కిందికి దూరవద్దు.

ట్రనియన్‌కు ఆయిల్ పట్టించడం

హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు భాగం లేపి చాసిస్ కింద స్టాండులు పెట్టండి. రెండు చక్రాలూ గాల్లో వేలాడాలి. అప్పుడు మర మీద బరువు తగ్గి ఆయిల్ దూరడానికి సందు దొరుకుతుంది. ఈ కార్లలో పెద్ద సుఖం ఏమిటంటే బానెట్టు, మడ్‌గార్డులూ కలిసి మొత్తం ముందుకు ఒరుగుతాయి. ఇంజనూ సస్పెన్షనూ అన్నీ ఎదురుగా కనిపిస్తాయి. కారు నేల మీద ఉన్నప్పుడైతే టైరు మీద కూర్చుని పని చేసుకోవచ్చు. ఇంత దయ ఉన్న కారు ఇంకొకటి చూడలేదు.

ట్రనియన్ ఒంటి మీద చిన్న ప్లగ్ ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టిని ముందు బ్రష్షుతో, కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడవండి. తుడవకుండా విప్పితే ఆ మట్టి సరాసరి మరలోకే పోతుంది. ప్లగ్ విప్పి ఆ జాగాలో నిపిల్ బిగించండి. కొన్ని కార్లకు ఎవరో ముందే నిపిల్ పెట్టి వదిలేసి ఉంటారు. అది సౌకర్యమే గానీ, నిపిల్ కనిపించగానే షెడ్డులో కుర్రాడి చెయ్యి గ్రీజు గన్ మీదికి పోతుంది. "గ్రీజు కొట్టీమంటారా బాబూ?" అని అడిగేలోపే కొట్టేస్తాడు. అతని తప్పేం లేదు, అతను చూసిన ప్రతి బండికీ నిపిల్ అంటే గ్రీజే. అందుకే పని అయ్యాక నిపిల్ తీసి ప్లగ్ పెట్టేయడం మేలు.

ఇప్పుడు ఆయిల్ గన్‌తో నెమ్మదిగా కొట్టండి. ఇంకొకరిని స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ ఉండమనండి. ట్రనియన్ పైన, లింకు లోపలికి దిగే చోట రబ్బరు సీలు ఉంటుంది. ఆ సీలు పక్కనుంచి ఆయిల్ ఊరాలి. మొదట నల్లగా, తర్వాత తేనె రంగులో వస్తుంది. తేనె రంగు వచ్చేదాకా ఆపవద్దు. తుప్పు రంగు నీళ్లు వస్తే లోపలికి నీరు దిగిందని అర్థం. అలాంటి ట్రనియన్‌ను ఈ రోజు ఆయిల్‌తో సరిపెట్టకుండా వీలైనంత త్వరలో విప్పి చూడాలి.

ఎంత కొట్టినా ఏమీ ఊరడం లేదా? ఎవరో ఎప్పుడో కొట్టిన గ్రీజు లోపల గట్టిపడి దారి మూసేసి ఉంటుంది. గ్రీజు మర చివరిదాకా పాకదు, మొదటి రెండు చుట్ల దగ్గరే ఆగి మైనంలా బిగుసుకుంటుంది. మిగతా మర ఎండిపోతుంది. దీనికి మందు విప్పి కడగడమే. మరోవైపు, కొట్టిన ఆయిల్ అంతా అడుగునుంచే కారిపోతుంటే ట్రనియన్ కింది మూత వదులై ఉంటుంది. దాన్ని మార్చుకోండి.

రెండు మూడు రోజులు నేల మీద కొన్ని చుక్కలు పడతాయి. కింద అట్టముక్క వేయండి.

విప్పి చూడటం

కొత్తగా కొన్న కారు అయినా, చరిత్ర తెలియని కారు అయినా ముందు ఇది చేశాకే రోడ్డెక్కించండి. నా మట్టుకు నేను పెయింటు కంటే, సీట్ల కంటే ముందు దీనికే డబ్బు పెట్టమంటాను.

చక్రం తీయండి. స్ప్రింగు షాకబ్జార్ చుట్టూ దానిలోనే బిగించి ఉంటుంది, షాకబ్జారే దాన్ని పట్టి ఉంచుతుంది. ట్రనియన్ బోల్టు తీసేంత మాత్రాన స్ప్రింగు ఎగరదు. షాకబ్జార్ నుంచి స్ప్రింగును వేరు చేయడం మాత్రం స్ప్రింగు కంప్రెసర్ లేకుండా చేయరాదు. ఆ పని తెలిసినవారికి అప్పగించండి.

ట్రనియన్‌ను కింది విష్‌బోన్‌కు పట్టే అడ్డ బోల్టు మన ఊళ్లో ఒక పట్టాన రాదు. బోల్టూ, దాని చుట్టూ ఉన్న ఉక్కు స్లీవూ తుప్పుతో ఏకమై ఉంటాయి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదలండి. పొద్దున మళ్లీ కొట్టి నట్టు విప్పి, బోల్టును తిప్పడానికి చూడండి. సుత్తితో అదే పనిగా బాదితే విష్‌బోన్ వంగుతుంది. కదలకపోతే హాక్సా బ్లేడుతో ట్రనియన్‌కు రెండు వైపులా బోల్టు కోసేయడమే మర్యాద. బోల్టు కొత్తది దొరుకుతుంది, స్లీవును గాజువాక ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా తిప్పించుకోవచ్చు.

బోల్టు వచ్చాక లింకును బయటికి లాగి ట్రనియన్‌ను మర విప్పండి. బ్రేకు హోసు మీద బరువు పడకుండా చూడండి. కాలిపర్ తీసి ఉంటే తీగతో పైకి కట్టండి. ఒక వైపు మర మామూలుగా, రెండో వైపు ఉల్టాగా ఉంటుంది, కాబట్టి బలవంతం చేసే ముందు ఎటు తిరుగుతోందో చూసుకోండి. కుడి, ఎడమ సామాన్లు కలిసిపోకుండా వేర్వేరు డబ్బాల్లో పెట్టండి.

మరను కిరసనాయిల్లో కడిగి ఇత్తడి బ్రష్షుతో తోమి ఎండలో పట్టుకుని చూడండి. మర మొదలయ్యే పై చుట్ల దగ్గర, అంటే ట్రనియన్ అంచు తగిలే చోట ఎక్కువ శ్రద్ధ పెట్టండి. విరిగేది సాధారణంగా అక్కడే. గోరుతో గీస్తే తగిలే గుంటలుంటే ఆ లింకు పనికిరాదు. గుంటలు లేకపోయినా సన్నని పగులు ఉండవచ్చు. దానికి డై పెనట్రెంట్ పరీక్ష ఉంది: ఎర్ర రంగు స్ప్రే చేసి, తుడిచి, తెల్ల పొడి స్ప్రే చేస్తే పగులు ఉన్నచోట ఎర్ర గీత బయటపడుతుంది. షిప్‌యార్డూ స్టీల్‌ప్లాంటూ ఉన్న ఊళ్లో వెల్డింగ్ పరీక్షించేవాళ్లు దొరకడం కష్టం కాదు. వాళ్లకు ఇది రోజువారీ పని.

ఆటోనగర్‌లో ఎవరైనా "లింకు వెల్డింగ్ చేసి మర తిప్పేద్దాం" అంటే దండం పెట్టి వచ్చేయండి. బుష్షులు నైలాన్ రాడ్ నుంచి తిప్పించుకోవచ్చు, స్లీవు తిప్పించుకోవచ్చు. ప్రాణం ఆధారపడిన ఉక్కు లింకు విషయంలో మాత్రం అసలైన విడిభాగం తెప్పించుకోవాల్సిందే. లింకు మారుస్తుంటే ట్రనియన్ కూడా మార్చండి. కొత్త మర, అరిగిన మర కలిసి ఎక్కువకాలం ఉండవు.

బిగించేటప్పుడు కొత్త సీలు వేసి, మరకు ఆయిల్ పూసి, ట్రనియన్‌ను చివరిదాకా ఎక్కించి, అక్కడినుంచి ఒక చుట్టు మించకుండా వెనక్కి తిప్పండి. చివరికంటా బిగిసి ఉంటే స్టీరింగ్ ఒక వైపు పూర్తిగా తిరగదు, బలవంతంగా తిప్పితే ఆ ఒత్తిడంతా మర మీదే పడుతుంది. అడ్డ బోల్టుకు నిండా కాపర్ గ్రీజు పూయండి. రేపు దాన్ని విప్పాల్సింది మీరే.

పై బాల్ జాయింటు, బుష్షులు, బేరింగులు

పై బాల్ జాయింటు రబ్బరు టోపీ చిరిగిందేమో చూడండి. చిరిగితే లోపలికి నీళ్లు పోతాయి, జాయింటు మార్చాలి. కారు లేపి ఉన్నప్పుడే చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట, అంటే వదులు కదలిక, ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది బేరింగుది. పోకపోతే బాల్ జాయింటుదో ట్రనియన్‌దో. ఈ చిన్న పరీక్షతో అనవసరంగా బేరింగులు మార్పించుకోవడం తప్పుతుంది.

బేరింగు నట్టును చక్రం తిప్పుతూ కొంచెం బిగించి, ఒక పలక వెనక్కి వదిలి కొత్త స్ప్లిట్ పిన్ను వేయండి. రవ్వంత ఆట ఉండటమే సరి. బిగుతుగా వదిలితే వేడెక్కి కాలిపోతుంది.

విష్‌బోన్ లోపలి వైపు రబ్బరు బుష్షులకు ఆయిల్ గానీ గ్రీజు గానీ పూయకూడదు. పెట్రోలియం నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కీచుమంటే సిలికాన్ గ్రీజు. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. మన సర్వీసింగ్ షెడ్లలో బండి కడిగాక చాసిస్ కింద పాత ఇంజన్ ఆయిల్, డీజిల్ కలిపి స్ప్రే కొట్టే అలవాటుంది. తుప్పు పట్టదంటారు. రేకుకు కొంత మేలే కావచ్చు, కానీ బుష్షులన్నీ ఏడాదిలో పిండిముద్దలవుతాయి. ఆ స్ప్రే వద్దని ముందే చెప్పండి. ప్రెషర్ గన్‌ను ట్రనియన్ సీలు మీద, రబ్బరు టోపీల మీద పెట్టవద్దని కూడా చెప్పండి.

కొత్త బుష్షులు వేసినప్పుడు వాటి బోల్టులు కారు గాల్లో ఉండగా పూర్తిగా బిగించవద్దు. కారును చక్రాల మీద దించి, ముందుకూ వెనక్కూ దొర్లించి, ముందు సీట్లో ఒకరిని కూర్చోబెట్టి అప్పుడు బిగించండి. గాల్లో బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది.

స్టీరింగ్ ర్యాక్‌కు కూడా ఒక ప్లగ్ ఉంటుంది. దానికి మాత్రం గ్రీజే, అదీ నాలుగైదు పోట్లకు మించకుండా. ప్రేమతో ఎక్కువ కొడితే చివర్లలో ఉన్న రబ్బరు బూట్లు ఉబ్బి చిరుగుతాయి.

వెనక వైపు

ఇక్కడ పని తక్కువ. వెనక హబ్బులకు నిపిల్ ఉంటే గ్రీజు కొట్టండి, అంచున కనిపించగానే ఆపండి. ఎక్కువైతే బ్రేకు డ్రమ్ములోకి పోతుంది. అడ్డంగా ఉండే కమాను పట్టీల చివర్ల మధ్య రబ్బరు బొత్తాలు ఉంటాయి కాబట్టి లారీ కమాన్లకు పూసినట్టు గ్రీజు పూయవద్దు. మంచినీళ్లతో కడిగి ఆరనిస్తే చాలు. వెనక చక్రాలు పై నుంచి లోపలికి వాలి, కింద విచ్చుకుని నిలబడుతున్నాయంటే కమాను కూలబడిందని అర్థం. అయితే కారును జాకీ దించిన వెంటనే చూసి నిర్ణయించకండి. స్వింగ్ యాక్సిల్ (ఒక్కో వెనక చక్రం విడిగా పైకీ కిందికీ ఊగే ఏర్పాటు) కాబట్టి లేపినప్పుడు చక్రాలు కిందివైపు లోపలికి ముడుచుకుంటాయి, దించగానే సర్దుకోవు. పది గజాలు నడిపాక చూడండి.

బీచ్ రోడ్డు నుంచి వచ్చాక

గాలి ఎక్కువగా ఉన్న రోజు బీచ్ రోడ్డు మీద తిరిగి వస్తే అదే రోజు చక్రాల లోపలి గూళ్లు, విష్‌బోన్లు, కమాను మామూలు పైపుతో కడగండి. తీరానికి దగ్గరగా ఉన్న బోరు నీళ్లయితే ముందు నాలుక మీద వేసుకు చూడండి. ఉప్పగా ఉంటే ఆ నీళ్లతో కడగడం కన్నా కడగకపోవడమే నయం. జీవీఎంసీ కుళాయి నీళ్లు రెండు బకెట్లు పట్టి వాడండి. కడిగాక తడి మీదే కవరు కప్పకుండా, ఓ రెండు వీధులు తిప్పి ఆరనివ్వండి.

రోడ్డు మీద పరీక్ష

పని పూర్తయ్యాక మొదట మీ వీధిలోనే అడుగు వేగంతో స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పి చూడండి. తేలిగ్గా తిరగాలి, మలుపు తర్వాత తనంతట తాను నిటారుకు రావాలి. ఆ తర్వాత స్పీడ్ బ్రేకర్లున్న రోడ్డు మీదికి వెళ్లండి. దాటేటప్పుడు టక్కుమంటే బుష్షు లేదా వదులు బోల్టు. స్టీరింగ్ తిప్పేటప్పుడు కిర్రుమంటే ట్రనియన్‌లోకి ఆయిల్ ఇంకా చేరలేదు, లేపి మళ్లీ కొట్టండి. దాటాక ముక్కు ఒకసారికి మించి ఊగితే షాకబ్జార్ వంతు వచ్చింది. లింకులు మార్చి ఉంటే చక్రాల అలైన్‌మెంటు చూపించండి. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే సింహాచలం కొండ ఎక్కించండి. దిగివచ్చాక ఇంజను చల్లారేలోపు విప్పిన ప్రతి బోల్టునూ పానాతో ఇంకోసారి పట్టి చూడండి.